గురువారం నాలుగున్నర

గ్దీనియాలో నవంబరంటే
నాలుగింటికే చీకటి.
చెప్పులు బాగుచేసే దుకాణం పైన, మేడ గదిలో,
బల్ల కింద హీటరు పెట్టి
దుప్పటి వెచ్చబడేదాకా కూర్చుంటాను.
వితోల్డ్ వచ్చే వేళ ఇది.

ట్రాలీబస్సు నడుపుతాడు.
అతని కుడి భుజం స్టీరింగు పట్టుకునే ఉంటుంది,
బహుశా నిద్రలో కూడా.
మూడుసార్ల డబ్బు బాకీ.
"జీతం రాగానే, బోగ్నా గారూ" అంటాడు
బల్లకున్న కంతలో ముఖం పెట్టి, నేలతో చెప్తున్నట్టు.
నేను అతని మెడకు సరేనంటాను.

ధారాళంగా ఇచ్చేవాళ్ళను చేతికి ఎముక లేదంటారు.
నా చేతికి ఉంది.
బొటనవేలి మొదట్లో, రాత్రి మూడింటికి
లేపి మరీ చెబుతుంది.
ఆర్నెల్లు విశ్రాంతి అన్నాడు డాక్టరు.
ఆ ఆర్నెల్లూ అద్దె ఎవరి బొటనవేలు కడుతుందో
చీటీలో రాయలేదు.
మోచేత్తో పని నేర్చుకున్నాను.
మోచేయికి కళ్ళుండవు,
తెలియని ఊళ్ళో రాత్రిపూట నడిచినట్టు
మెల్లగా వెళ్ళాలి.

రోజుకు ఆరు వీపులు, పన్నెండు తువ్వాళ్ళు.
సముద్రపు గాలికి ఒక్కటీ ఆరదు.
కుర్చీల మీద, తలుపు మీద, స్నానాలగది తీగ మీద
అవే వేలాడుతుంటాయి.
నా రొట్టె కూడా బాదం నూనె వాసనే.

ఫోనులో ఒకడు ధర అడిగి, కాస్త ఆగి,
"ఇంకేమైనా ఉంటుందా?" అంటాడు.
ఇరవై రెండేళ్ళుగా వింటున్నాను ఈ ఇంకేమైనా.
మొదట్లో ఏడ్చేదాన్ని, తర్వాత తిట్టేదాన్ని.
ఇప్పుడు, "ఉంటుంది బాబూ, కింద చెప్పులు కూడా కుడతారు"
అని పెట్టేస్తాను.

ఓతీలియాకు ఎనభై దాటాయి.
ఎక్కడ నొప్పి అంటే ఒకసారి మోకాలు,
మోకాలు చెప్పానని మర్చిపోయి మరోసారి భుజం.
భర్త పోయాక ఆమెను ముట్టుకున్నది
జుట్టు కత్తిరించే పిల్ల, టీకా వేసే నర్సు, నేను.
గంట దాటుతుంది.
తర్వాతివాళ్ళు మెట్లమీద దగ్గుతుంటారు.
చెయ్యి తీయడం ఏ బడిలోనూ నేర్పలేదు.

కిందటి నెల
వితోల్డ్ ఎడమ రెక్క కింద మచ్చ.
కొత్తదేం కాదు. మిరియం గింజంత,
నా చేతులకు దారిలో మైలురాయి.
ఆ రోజు దాని అంచు చెదిరి ఉంది,
తడికాగితం మీద సిరాచుక్కలా.

ఎవరి వీపు వాళ్ళకు కనబడదు.
పెళ్ళాం వెళ్ళిపోయి నాలుగేళ్ళు.
లోకం మొత్తంలో ఆ వీపును చూసేది నేనొక్కదాన్నే,
అదీ అప్పు మీద.

రోగం పేరెత్తే హక్కు నాకు లేదు,
గోడమీది సర్టిఫికెట్టు అంతదాకా రాదు.
ఇంకో సంగతి, సిగ్గుగానే ఉంది చెప్పడానికి:
బెదిరిపోయి రావడం మానేస్తే
నాలుగువందల ఎనభై జ్లోటీలు పోతాయని కూడా తోచింది.
నడుము దాకా వెళ్ళి తిరిగొచ్చాను. రెండుసార్లు.
అప్పుడన్నాను,
"ఇక్కడొకటుంది, వితోల్డ్ గారూ. చర్మం డాక్టరుకి చూపించండి.
ఈ వారమే."

గంటసేపు విప్పిందంతా
నా చేతుల కిందే మళ్ళీ ముడిపడింది.
లేచి చొక్కా తొడుక్కుంటూ
"డాక్టరువా నువ్వు?" అన్నాడు.
పదకొండేళ్ళ 'మీరు'
'నువ్వు'లోకి దిగడానికి
ఒక గుండీ పెట్టుకునేంత సేపు పట్టింది.

ఇది నాలుగో గురువారం.
ఆ గంట ఇంకొకరికి ఇవ్వలేదు.
"ఖాళీ గంటకు కూడా కరెంటు కాలుతుంది అత్తా" అంటుంది
లెక్కలు చూసే మేనకోడలు కింగా.
నిజమే, కాలుతోంది.

కిటికీ కింద ట్రాలీబస్సు
తీగ మీంచి ఒక నిప్పురవ్వ రాల్చి ఆగింది.
అద్దం వెనక డ్రైవరు భుజాలు సమంగా ఉన్నాయి.
వేరే మనిషి.

ఐదున్నరకి దుప్పటి మార్చబోయి మార్చలేదు,
ఎవరూ పడుకోలేదు కదా.
మెట్లమీద ఓతీలియా కర్ర చప్పుడు.
ఇవాళ మోకాలో, భుజమో.